తెలుగులో ఆలోచించడం జబ్బేం కాదు

పోయినేడాది మా టీమ్ కోసం ఒక కుర్రాణ్ణి ఇంటర్వ్యూ చేశాను. డేటాబేస్ ప్రశ్నలకి చకచకా జవాబులు చెప్పాడు. కాకపోతే మొదటి వాక్యమే "ఐ యామ్ హావింగ్ త్రీ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్". చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారంలో "టెక్నికల్ గుడ్, కమ్యూనికేషన్ పూర్, ఎంటీఐ" అని రాసి పంపేశాను. ఎంటీఐ అంటే మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్. మా ఐటీలోనూ కాల్ సెంటర్లలోనూ ఈ మాటని బీపీ, షుగర్ లాగా వాడతారు. "అతనికి కొంచెం ఎంటీఐ ఉంది" అంటారు.

ఆ కుర్రాణ్ణి తీసుకోలేదు. ఆ తర్వాతెప్పుడో నాకు తట్టింది: ఆ తప్పు తెలుగుది కాదు!

తెలుగులో "నాకు మూడేళ్ల అనుభవం ఉంది" అంటాం. "నాకు తెలుసు" అంటాం గానీ "నేను తెలుస్తున్నాను" అనం. ఉంది, తెలుసు, కావాలి లాంటి మాటల పక్కకి "-తున్నాను" రాదని తెలుగు పిల్లలకి బడికి వెళ్లకముందే తెలుసు. ఆ తెలివిని క్లాసులోకి రానిచ్చి ఉంటే "ఐ యామ్ నోయింగ్" అనే వాక్యం పుట్టేదే కాదు. "యామ్ పక్కన ఐఎన్‌జీ పెట్టు" అని వల్లె వేయించిన చోట అది పుట్టింది. నేరం బడిది, కేసు మాత్రం అమ్మ భాష మీద.

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంజనీరింగ్‌లో చేరాక స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో మొట్టమొదట విన్న సలహా "తెలుగులో ఆలోచించడం మానెయ్". ఇంకో భాష రాని మనిషి ఆ ఒక్కటీ మానేస్తే ఇక దేంట్లో ఆలోచించాలి? మా బ్యాచ్‌లో చాలామంది ఆ సలహాని నిజంగానే పాటించి, నాలుగేళ్లూ నోరు మెదపకుండా కూర్చున్నారు. మిగతా విషయాల్లో ఇలాంటి సలహా ఎవరూ ఇవ్వరు. జావా వచ్చినవాడు పైథాన్ నేర్చుకుంటుంటే "జావా మర్చిపో" అనరు. "అక్కడ అలా రాస్తావు కదా, ఇక్కడ ఇలా" అంటారు.

తెల్లదొరలు తెలుగు నేర్చుకున్నప్పుడు ఏం చేశారో చూడండి. మద్రాసులో కంపెనీ ఉద్యోగుల కోసం ఏ.డి. క్యాంప్‌బెల్ 1816లో తెలుగు వ్యాకరణం వేశాడు, ఇంగ్లిష్‌లో. సి.పి. బ్రౌన్ 1840లో వేసిన తెలుగు వ్యాకరణమూ ఇంగ్లిష్‌లోనే. తమకి తెలిసిన భాష మీద నిలబడి తెలియని భాషని అందుకున్నారు. వాళ్లకి ఎంటీఐ ఉందని ఏ పంతులూ ఫారం నింపలేదు. మనకి మాత్రం రెన్ అండ్ మార్టిన్ చేతిలో పెట్టి ఖాళీలు పూరించమన్నారు. పంజాబీ పిల్లలకీ తెలుగు పిల్లలకీ అదే పుస్తకం, అవే ఖాళీలు.

ఆర్టికల్స్ సంగతే తీసుకోండి. తెలుగులో అవి లేవు కాబట్టి మనకి రావంటారు. "అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఒక కూతురు." మొదటిసారి చెప్పేటప్పుడు ఒక, తెలిసిన తర్వాత ఆ. 'ఎ', 'ద' మధ్య తేడాలో సగం ఈ రెండు వాక్యాల్లోనే ఉంది. "సూర్యుడికి కూడా 'ద' ఎందుకు?" అనే మిగతా సగం అప్పుడు చెప్పొచ్చు. అలాగే "హి సెడ్ మీ" ఎందుకు తప్పు? "నాకు అన్నాడు" అని మనమూ అనం కదా! "నాతో అన్నాడు", "నాకు చెప్పాడు" అంటాం. 'సే', 'టెల్' తేడాకి ఇంతకంటే దగ్గరి దారి ఉందా? అన్నిచోట్లా ఈ లెక్క సరిపోదు. ఎక్కడ సరిపోదో చెప్పడమే టీచర్ పని.

తెలుగు వల్ల వచ్చే తప్పులు లేవని అనడం లేదు. "నిన్ననే వచ్చాను"లోని ఆ 'ఏ'ని ఎక్కడ పెట్టాలో తెలీక "యెస్టర్డే ఓన్లీ ఐ కేమ్" అంటాం. "రోజూ చూస్తాను", "రేపు చూస్తాను" రెండింటికీ మనకి ఒకటే క్రియ, ఇంగ్లిష్‌లో రెండు. కానీ ఈ తప్పుకైనా మందు తెలుగులోనే ఉంది. చూస్తాను అనే మాట రెండు పనులు చేస్తోందని ముందు పిల్లలు గమనించాలి కదా. తెలుగు క్లాసులో అదీ చెప్పరు. సవర్ణదీర్ఘ సంధికి సూత్రం బట్టీ పట్టిస్తారు, రోజూ మాట్లాడే క్రియల వైపు చూడనివ్వరు. ఈ పాపంలో తెలుగు మాస్టార్లకీ వాటా ఉంది.

"తెలుగులో చెబితే ఎప్పటికీ అనువాదం చేసుకుంటూనే మాట్లాడతారు" అంటారు కొందరు. పాఠానికి తెలుగు అర్థం చెప్పేసి చేతులు దులుపుకునే పద్ధతిని నేనూ సమర్థించను. ధారాళంగా మాట్లాడాలంటే బోలెడంత వినాలి, మాట్లాడాలి. అది ఇంగ్లిష్‌లోనే జరగాలి. అర్థంకాక ఆగిపోయిన చోట మాత్రం ఐదు నిమిషాలు తెలుగులో చెబితే కొంపలేం మునగవు.

ఇది ఇంగ్లిష్ వద్దనే వ్యాసమూ కాదు. తమ పిల్లల్ని కాన్వెంట్లకి పంపి, పేదపిల్లలకి తెలుగు మీడియం గొప్పదని చెప్పేవాళ్లని కంచ ఐలయ్య ఏళ్ల తరబడి నిలదీస్తున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఇంగ్లిష్ అందరికీ రావాలి. అందుకే అది ఎలా వస్తుందో అడగాలి. 2022లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం పెట్టినప్పుడు ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగుగా పుస్తకాలు ఇచ్చారు. సైన్సుకి పనికొచ్చిన ఆ ఎదుటి పేజీ ఇంగ్లిష్ గ్రామర్‌కి ఎందుకు పనికిరాదు?

ఆ ఫారం వెనక్కి తీసుకోలేను. ఇప్పుడు ఇంటర్వ్యూల్లో ఎవరైనా తడబడితే, "తెలుగులో చెప్పండి, పర్లేదు" అంటున్నాను. కొందరు నమ్మరు, ఇదీ ఒక పరీక్షేమో అనుకుని మళ్లీ ఇంగ్లిష్‌లోనే తడుముకుంటారు. వాళ్లని అలా తయారుచేసినవాళ్లలో నేనూ ఉన్నాను.