రోమా భాష మనకేల అనువారికి

పూతలపట్టు ప్రాంతపు ఒక సంఘములో, ఆరాధన ముగిసిన తరువాత చెట్టు నీడను జరిగిన మాట ఇది. బి.ఏ. ముగించిన ఒక అమ్మాయి, తాను విశ్వవిద్యాలయములో లాటిను చదివి పిదప దానిని బోధింప గోరుచున్నానని చెప్పెను. పెద్దలు నవ్విరి. "ఏం పాపా, అది కూడు పెడతాదా?" అని ఒకరు, "అది పోపుగారి భాష గదా, మనకెందుకు?" అని మరియొకరు. ఆ బిడ్డ తల వంచుకొని వెళ్లిపోయెను. ఆ దినమున నేనును ఊరకుంటిని. అందుచేతనే ఇప్పుడు వ్రాయుచున్నాను.

ప్రియ చదువరులారా, మీ బైబిలు తెరచి యోహాను సువార్త 19వ అధ్యాయము చూడుడి. సిలువమీది పైవిలాసము ఏయే భాషలలో వ్రాయబడెను? హెబ్రీ, గ్రీకు, రోమా. ఆ రోమా భాషయే లాటిను. పోపుగారి భాష అనువారు మార్టిన్ లూథరును మరచిరి. 1517లో పాపపరిహార పత్రముల అమ్మకము నెదిరించి ఆయన వ్రాసిన 95 వాదములు లాటినులోనే యున్నవి.

అంత దూరమేల? బెంజమిన్ షుల్జి అను జర్మను మిషనరీ మద్రాసులో తెలుగు నేర్చి, 1728లో మన భాషకు వ్యాకరణము వ్రాసెను. ఏ భాషలో? లాటినులో! అది రెండు వందల యేండ్లకు పైగా అచ్చు కాక, 1984లో జర్మనీలోని హాలె పట్టణమున వెలువడెను. అదే పట్టణమున ఆయన 1746లో అచ్చువేయించిన చిన్న ప్రశ్నోత్తరి, తెలుగులో తొలిగా అచ్చయిన పుస్తకములలో ఒకటి. దానికి పెట్టిన పేరు సైతము లాటినే. మన తాతల తాతలు పలికిన నుడిని గూర్చి ఒక పరదేశి వ్రాసి పెట్టగా, దానిని చదివి మనకు చెప్పుటకు మన పల్లెలలో ఒక్కరైనను ఉండవద్దా?

"కష్టమైన భాష" అందురు. ఇంగ్లీషు బిడ్డకు కష్టమే. మన బిడ్డకు విభక్తులు ఉగ్గుపాలతో వచ్చినవి. "రాముడు రావణుని చంపెను" అనినను, "రావణుని రాముడు చంపెను" అనినను మనకు అర్థము మారదు. లాటినులోను అంతే. "ప్రేమించుచున్నాను" అని మనము ఒక్క మాటతో చెప్పినట్లే వారును "ఆమో" అని ఒక్క మాటతో చెప్పుదురు. నేను అను మాట వేరుగా అక్కరలేదు. (మన తోటలలోని మామిడికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు మాంజిఫెరా. అందులో ముందు సగము మన పొరుగు అరవవారి మాంగాయ్ నుండి పోయినది. "ఫెరా" అనగా మోయునది, అది లాటిను.)

కూటి మాటకు వత్తును. ఉద్యోగములు కొద్ది. మన దేశములో లాటిను నేర్పునది ముఖ్యముగా కతోలిక సెమినరీలు. ఈ సంగతి దాచి ఆ బిడ్డను ముందుకు త్రోయుట మోసమగును. అయినను నేర్పువారు కరవైన చోట, చక్కగా నేర్చిన ఒక్కరు పదిమందిని తయారు చేయగలరు.

"ముందు గ్రీకు, హెబ్రీ నేర్చుకొనవలెను" అనువారితో నాకు సగము సమ్మతమే, మన గ్రంథపు మూలము ఆ భాషలలోనే గదా. అయితే అయ్యా, ఆ రెండైనను నేర్చుకొనుటకు మన సంఘము ఇంతవరకు ఎవరిని పంపెను? క్రిస్మసు పందిరికిని, మైకు సెట్టుకును చందా ఎత్తినప్పుడు, అది కూడు పెడతాదా అని ఎవరును అడుగలేదు. వచ్చే సంఘ కూటములో ఆ బిడ్డ పుస్తకములకును మొదటి యేడు రుసుమునకును చందా అడుగబోవుచున్నాను. వద్దనువారు నవ్వక, లేచి నిలిచి కారణము చెప్పుదురు గాక.