గవ్వలు, చింతపిక్కలు, తొలి నిమిషాలు

"ఈ విశ్వం ఎలా మొదలైంది?" అని పిల్లలు అడిగితే, కొన్ని ఇళ్లలో "అవన్నీ మనకెందుకు" అని కసురుకుంటారు. అది తగదని మా అభిప్రాయం. సృష్టి ఎలా సాగిందో తెలుసుకోవడం సృష్టికర్తను కాదనడం కాదు.

దేవరాపల్లి పిల్లలకు రైవాడ జలాశయం పరిచయమే. ఆ నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు సుమారు 1380 కోట్ల సంవత్సరాల క్రితం, విశ్వారంభపు తొలి క్షణాలలో ఏర్పడినవే. ఆక్సిజన్ మాత్రం ఆ తరువాత నక్షత్రాలలో తయారైంది.

ఇక హీలియం సంగతి. 14 చింతపిక్కలను ప్రోటాన్లనీ, 2 గవ్వలను న్యూట్రాన్లనీ అనుకోమనండి. తొలి నిమిషాలలో వాటి నిష్పత్తి ఇంచుమించు ఇదే. రెండు గవ్వలకు రెండు పిక్కలు జతపడితే ఒక హీలియం కేంద్రకం. మిగిలిన 12 పిక్కలు హైడ్రోజన్. 16లో 4, అంటే ద్రవ్యరాశిలో నాలుగోవంతు హీలియం! అత్యల్పంగా లిథియం కూడా ఏర్పడింది. విశ్వం వ్యాకోచించి చల్లబడడంతో ఆ ప్రక్రియ ఆగిపోయింది. నేటి కొలతలూ ఈ లెక్కకు దగ్గరగానే ఉన్నాయి.

హీలియం చరిత్రలో మన నేలకూ చోటున్నది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరులో జాన్సెన్, మచిలీపట్నంలో పోగ్సన్ పరిశీలించారు. ఆ ఏడాది సూర్యకాంతిలో గుర్తించిన పసుపు గీతే హీలియం ఆనవాలు. 1895లో రామ్‌సే దానిని భూమిపై కనుగొన్నారు.

ఇంట్లో అణచివేసిన ప్రశ్న బయట అనుమానమై పెరుగుతుంది. అమ్మీ, అబ్బా పిల్లలతో కూర్చుని ఆ పిక్కలు లెక్కించాలని మేము కోరుతున్నాము.