సర్కారు తుమ్మ

ఒక చెట్టునకు జనులు ప్రభుత్వము పేరు పెట్టుట సామాన్యముగ జరుగు సంగతి కాదు. వేపకు గాని, చింతకు గాని, మఱ్ఱికి గాని యే దొరతనము పేరును లేదు. కాని మన చెరువుల గర్భములందును, వాగుల యొడ్డులందును, బీళ్ళయందును ముండ్లతో నిండి నిలిచిన యొక చెట్టును మాత్రము తెలుగువాడు సర్కారు తుమ్మ యనుచున్నాడు. కొన్నిచోట్ల దీనినే సీమతుమ్మ యందురు. రాయలసీమలో వట్టి కంప యనినను చాలును. సీమ యనిన పరదేశము. సర్కారు అనిన దానిని తెచ్చి నాటినవాడు. ఈ రెండు మాటలలో దీని చరిత్ర సగము చెప్పబడినది. శాసనములు వ్రాయువారికంటె పల్లెవాడు ముందుగనే నేరస్థుని గుర్తించి పేరు పెట్టి యున్నాడు.

తక్కిన సగమును మేము చెప్పెదము. 1876లో మద్రాసు రాజధానియందు అడవుల సంరక్షకుడుగ నుండిన బెడ్డోమ్ దొర, మెట్ట సీమలలో వంటచెరకునకు మిక్కిలి యక్కరకు వచ్చునని యెంచి, ఈ చెట్టు విత్తనములను తెప్పింపవలసినదని రెవిన్యూ శాఖకు వ్రాసెను. జమైకా ద్వీపమునుండి విత్తనములు వచ్చినవి. 1877లో కడప జిల్లా కమలాపురమున తోట వేయబడెను. మన పెద్దలు ధాత కరువని చెప్పుకొనిన దినములవి. కడప, కర్నూలు, బళ్ళారి మండలములలో జనులు గంజికేంద్రముల యెదుట కూలిపోవుచుండగా, ఆ నేలలోనే ఈ విత్తు మొలక యెత్తినది. కరువు గడచిపోయినది. మొలక మాత్రము నిలిచి, నూటయేబది యేండ్లు కావచ్చుచున్నను పెరుగుచునే యున్నది.

బెడ్డోమ్ దొర దుర్బుద్ధితో ఈ పని చేసెనని మేము చెప్పము. ఆయన వృక్షశాస్త్రమున గొప్ప పండితుడు. నీరు లేని చోట పెరిగి, పొయ్యిలోనికి కట్టె నిచ్చు చెట్టును తెచ్చుట మేలనియే తలచి యుండును. తప్పు ఆ తలంపులో లేదు. ఆ నేలపై గొర్రెలను మేపుకొనువానిని గాని, ఆ చెరువు క్రింద మడి దున్నుకొనువానిని గాని, "నీ యింటిముందఱ దీనిని నాటుదుము, నీకు సమ్మతమా?" యని యెవరును అడుగలేదు. తప్పు అక్కడ నున్నది. ఆ తప్పు దొరలతో ఓడ యెక్కి పోలేదు.

పరదేశమునుండి వచ్చినదెల్ల విషమనువారితో మాకు పొత్తు లేదు. మన గుంటూరు మిరప అమెరికా ఖండమునుండి వచ్చినదే. జామ, బొప్పాయి, వేరుశనగ, సీతాఫలము సముద్రము దాటి వచ్చి మన యింటి బిడ్డలైనవి. అతిథి వలె వచ్చి పంక్తిలో కూర్చుండు మొక్కను మేమేల నిందింతుము? ఇంటివారిని గెంటివేసి తలుపు గడియ పెట్టుకొను మొక్కను గూర్చియే మా వాదము.

జమ్మిచెట్టును చూడుడు. అది సర్కారు తుమ్మకు దాయాది. వృక్షశాస్త్రజ్ఞులు రెంటిని ఒకే కుటుంబమున చేర్చుదురు. దసరానాడు మనము మ్రొక్కునది, తెలంగాణము తన రాష్ట్రవృక్షముగ గైకొన్నది ఆ జమ్మియే. దాని నీడలో సజ్జ పండును. దాని యాకు మేకకు మేత. దాయాది నడవడి వేరు. దాని క్రింద గడ్డి పెరుగుట యరుదు. ఆకు పశువు తినదు. కాయ మాత్రము తీయగా నుండును. పశువులు కోరి తినును. అందులోని గట్టి విత్తు కడుపులో అఱగక పేడతో వెలికివచ్చి, ఎఱువుతో సహా క్రొత్త చోటున పడును. మంద యెక్కడికి పోవునో తుమ్మ యక్కడికి పోవును. కాయలే మేతగ బ్రదుకు పశువుల దవడలు చెడును. గొడ్డలితో నరికినచో మొదలునుండి పది కొమ్మలు లేచును. ఇట్టి చెట్టునకు విత్తువాడు అక్కఱ లేదు. మన పశువులచేతనే అది విత్తించుకొనుచున్నది.

దీని ఫలమును చూడగోరువారు కచ్ఛదేశమునందలి బన్నీ బయలును చూడవచ్చును. ఉప్పు భూమి మీదికి రాకుండ ఆపుటకని 1961 ప్రాంతమున అక్కడి అటవీశాఖవారు ఈ చెట్టును విస్తారముగ నాటించిరి. అప్పుడు దొరలు లేరు. స్వరాజ్యము వచ్చి పదునాలుగేండ్లయినది. పేరుపొందిన ఆ పచ్చికబయలులో నేడు సగమునకు మించిన భాగము ముండ్లపొద. ఆవులమందలతో బ్రదికిన మాల్ధారీలు, ఈ కాయలు తిని ఆవులు దెబ్బతినుటచే, గేదెలకు మఱలిరి. వారు దీనికి పెట్టిన పేరు గాండో బావళ్, అనగా వెఱ్ఱితుమ్మ. మనవారు సర్కారు నన్నారు, వారు వెఱ్ఱి యన్నారు; రెండును ఒక చెట్టు పేరులే.

2023లో జీవవైవిధ్యమును విచారించు అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘము ఒక నివేదిక ప్రకటించినది. మనుష్యులు ఒక చోటినుండి మఱియొక చోటికి చేరవేసిన జీవజాతులు 37,000కు పైబడి యున్నవనియు, అందు 3,500కు పైగా హానికరములైనవనియు, 2019లో వీనివలన లోకమునకు కలిగిన నష్టము 42,300 కోట్ల డాలర్లను మించినదనియు అందు వ్రాసిరి. లెక్క మంచిదే. కాని గొఱ్ఱె మేయుటకు బీడు లేక మందను ఆమడదూరము తోలుకొనిపోవు కాపరి కాలినొప్పి ఏ డాలర్లలోను చేరదు. వాగు పొడుగున కంప క్రమ్ముకొని నీరు చెరువునకు చేరక యెండిన మడిని ఏ నివేదికయు కొలువదు.

ఇక చెరువుల మాట. ఇది మాకు మిక్కిలి కోపము తెప్పించు విషయము. చెరువు గర్భములోని తుమ్మను వేలము వేయు వాడుక మన జిల్లాలలో నున్నది. పాటదారు బొగ్గునకును, కట్టెకును నరకుకొనిపోవును. వేరు పెకలించుటకు కూలి యగును. బొగ్గునకు వేరు పనికిరాదు. కావున భూమికి జానెడు పైన నరకి పోవుటయే వానికి లాభము. మూడు నాలుగేండ్లలో మొదలు మఱల చిగిర్చి దట్టమగును. మఱల వేలము, మఱల పాట, మఱల సొమ్ము. తుమ్మ పోవుట పాటదారునకు అక్కఱలేదు. వేలపు సొమ్మునకు అలవాటుపడిన కచ్చేరికిని అక్కఱలేదు. చెరువు పూడినను పద్దు నిండును. పంటనిచ్చు చెరువును కట్టెలనిచ్చు తోటగ మార్చుకొని, దానికి ఆదాయమని పేరు పెట్టిన వ్యవసాయము మఱియే దేశమున నున్నదో మాకు తెలియదు.

అట్లని రేపే యంత్రములు తెచ్చి అంతయు పెకలించుడని మేము కేక వేయుట లేదు. ఆ కేకకు ఏమైనదో తమిళదేశమున చూచితిమి. 2017లో మద్రాసు ఉన్నతన్యాయస్థానపు మధుర ధర్మాసనము ఈ చెట్లను నిర్మూలింపుడని గట్టి యాజ్ఞలిచ్చెను. ఊరూర గడ్డపారలు లేచినవి. అదే యేట, శాస్త్రీయముగ విచారింపక పెకలించుట తగదను వాదముపై ఆ పని నిలుపుదల చేయబడెను. పిమ్మట 2022లో గాని ఆ ప్రభుత్వము అన్యదేశపు మొక్కలను గూర్చి యొక విధానము ప్రకటింపలేదు. ఒకసారి పెకలించిన నేలలో నిద్రించు విత్తులు తొలివానకే లేచును. వెనువెంట గడ్డియో, కానుగయో, వేపయో, జమ్మియో ఆ చోటును ఆక్రమింపనిచో తుమ్మయే మఱల వచ్చును. చెట్టు తీయుట ఒకనాటి పని. చోటు కాచుట మూడేండ్ల పని. మొదటిదానికి ఫోటోలు దిగువారు చాలమంది. రెండవదానికి జీతపురాళ్ళు లేవు.

వేఱొక సంగతిని మఱవరాదు. ఈ తుమ్మ లేకున్న పొయ్యి వెలుగని యిండ్లు వేలకొలది కలవు. బొగ్గు కాల్చి బ్రదుకువారు భూమి లేని బీదలు. వారి నోటికాడి కూడు తీసి చెరువు బాగుచేయుదుమనుట ధర్మము గాదు; జరుగునదియు గాదు. పెకలించు కూలి వారికే ముట్టవలెను. గ్రామీణ ఉపాధి పనులలో దీనికి మూడేండ్ల కాలమునకు లెక్క కట్టవలెను. కాయలు రాలకముందే ఏరించి పిండి పట్టించినచో విత్తు నశించును, పశువునకు దాణా యగును; ఆ పని ఆడవారి సంఘములకు ఒప్పగింపవచ్చును. చెరువులు, వాగులు, పచ్చికబీళ్ళు ముందు. ఊరికి దూరమున చవుడు నేలలోని తుమ్మ తరువాత. అంతటిని ఒక్కసారి తొలగింప బూనుట ఎక్కడను తొలగింపకుండుటకు రాచబాట.

ఇది అసాధ్యమనువారికి మన చరిత్రయే సమాధానము. ఒకప్పుడు దక్షిణదేశపు పొలములను నాగజెముడు మ్రింగివేసినది. 1926లో సింహళమునుండి కొచినీలు జాతి పురుగును తెచ్చి వదలిరి. కొలది యేండ్లలో వేలకొలది యెకరములలో జెముడు ఎండి రాలినది. మొన్న 2008లో కోయంబత్తూరున బొప్పాయి పిండినల్లి కనబడి తోటలను తుడిచిపెట్టుచుండగా, 2010లో పోర్టోరికోనుండి చిన్న కందిరీగ జాతిని తెప్పించి విడిచిరి; పిండినల్లి అణగినది. ఈ రెండు తావులను శాస్త్రజ్ఞులు ముందు పరీక్షించిరి. ఆ పురుగు శత్రువును తప్ప వేఱొకదానిని తినదని తేల్చుకొనిరి, పిమ్మటనే వదలిరి. తెచ్చుటకు ముందు విచారించిన పరదేశపు పురుగు మేలు చేసినది. విచారింపక తెచ్చిన పరదేశపు చెట్టు కీడు చేసినది.

ఇంత తెలిసియు మన పాలకులు ఏమి చేసిరి? ఈ పదేండ్లలో మన పట్టణముల రహదారుల నడుమను, పచ్చదనపు పథకములయందును కోనోకార్పస్ అను ఆఫ్రికా తూర్పు తీరపు చెట్టును వరుసలు వరుసలుగ నాటించిరి. త్వరగ పెరుగును, పచ్చగ నుండును, పశువు ముట్టదు, లెక్కలో మొక్కలు బ్రదికినట్లు చూపవచ్చును. 1876లో చెప్పిన కారణములును ఇట్టివే. పుప్పొడిచే ఉబ్బసము హెచ్చుననియు, వేళ్ళు కాలువలను గొట్టములను చెఱచుననియు ఫిర్యాదులు లేచినవి. గుజరాతు 2023లో దీనిని నాటుట నిషేధించెను. తమిళనాడు 2025లో నిషేధించెను. ఇది సర్కారు తుమ్మవలె అడవులను ఆక్రమించునా యను విషయమున శాస్త్రజ్ఞులలో భిన్నాభిప్రాయము లున్నవి. ఆ తీర్పు మేము చెప్పబోము. మేమడుగునది యొక్కటియే. లక్షలకొలది నాటిన పిదప వాదించుటకు మాఱు, ఒక్కటియు నాటకముందు ఏల వాదింపలేదు?

2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టమును సవరించి, హానికరములైన అన్యదేశ జాతుల దిగుమతిని, వ్యాపారమును, వ్యాప్తిని అరికట్టు అధికారమును కేంద్రప్రభుత్వము తీసికొన్నది. మంచిదే. కాని ఆ చట్టము చూపు వన్యప్రాణులపైనను, వాని యునికిపట్లపైనను ఉన్నది. మా ఊరి చెరువు అడవి గాదు. సర్కారు నర్సరీ రేవుపట్టణము గాదు. అక్కడ కావలి యెవరు? ప్రతి నర్సరీలో ఏ మొక్క పెంచుచున్నారో ఆ జాబితాను ముందుగ ప్రకటించి, గ్రామసభ ముందఱ పెట్టి, వ్యవసాయ విశ్వవిద్యాలయముల పండితుల యభిప్రాయము దానికి జతపఱచవలెను. గొఱ్ఱెల కాపరి మాటను ఆ పండితుని మాట ప్రక్కన వ్రాయవలెను. ఇందుకు క్రొత్త చట్టమక్కఱ లేదు. ఒక ఉత్తరువు చాలును.

వేలముల విషయమున అంతకంటె తక్కువ చాలును. చెరువు తుమ్మకు పాట పెట్టు ప్రకటనలలో "మొదలంట పెకలింపవలెను, మూడేండ్లు చిగురు కనబడినచో ధరావతు తిరిగి యీయబడదు" అను రెండు వాక్యములు చేర్చుటకు ఏ మంత్రిమండలియు కూడ నక్కఱలేదు. రాబోవు వేసవిలో చెరువులు ఎండగనే ఈ ప్రకటనలు కచ్చేరి గోడలపై అంటింపబడును. మా పాఠకులు తమ ఊరి ప్రకటనను చదివి, ఆ రెండు వాక్యములు అందున్నవో లేవో మాకు వ్రాయుదురు గాక. లేని ఊళ్ళ పేరులను వరుసగ ఈ పుటలోనే ప్రకటింతుము. ఆ పట్టికలో మొదటి పేరు కమలాపురము కాకుండుగాక యని కోరుచున్నాము.