నోటా నొక్కితే ఏమవుతుంది?

ఇద్దరు ప్రధాన అభ్యర్థులూ నచ్చలేదని ఓటరు ఇంట్లోనే ఉండిపోతే, ఆ నిరసన బద్ధకస్తుల లెక్కలో కలిసిపోతుంది. సుప్రీంకోర్టు 2013 తీర్పుతో వచ్చిన నోటా ఆ అసంతృప్తిని అంకెల్లో చూపుతుంది. అంతకుమించి దానికి బలం లేదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఇండోర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ ఉపసంహరించుకోగా, నోటాకు 2,18,674 ఓట్లు పడ్డాయి. బీజేపీ గెలుపు ఆగలేదు. అక్కడ నోటాకే అత్యధిక ఓట్లు వచ్చినా, అభ్యర్థుల్లో ముందున్నవారే గెలిచేవారు.

ఫలితం ముందే తేలిపోయిన చోట నోటా నిరసనగా పనికొస్తుంది. హోరాహోరీ పోరులో మాత్రం అది ఎంపికను పక్కవారికి వదిలేయడమే. 2018 మధ్యప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికల్లో కాంగ్రెస్, బీజేపీల ఓట్ల శాతాల మధ్య తేడా కన్నా నోటా వాటాయే ఎక్కువ. ఓటు యోగ్యతాపత్రం కాదు. ఐదేళ్లపాటు ఎవరిని నిలదీయడం సాధ్యమో తేల్చుకోవడం.