కార్డు ఇచ్చారు, మందేదీ? (నెత్తురు లెక్కలు: 6వ భాగం)

'నిర్మూలన' మనకు కొత్త మాట కాదు. 1936లో లాహోర్ సభలో చదవనివ్వకపోతే అంబేడ్కర్ సొంత డబ్బుతో అచ్చు వేసుకున్న ఉపన్యాసం తెలుగులోకి 'కులనిర్మూలన' అయి వచ్చింది. ఆ మాట చెవిన పడితే మనం నిటారుగా కూర్చుంటాం. అందుకే 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధాని మోదీ సికిల్‌సెల్ ఎనీమియా నిర్మూలన మిషన్ మొదలుపెట్టినప్పుడు నేనూ చెవి నిక్కించి విన్నాను. 2047 నాటికి జబ్బు లేకుండా చేస్తారట. 17 రాష్ట్రాల్లో, 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి, మూడేళ్లలో రక్తపరీక్షలు. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ జాబితాలో ఉన్నాయి. 2025 నడిమికల్లా పరీక్షలు 6 కోట్లు దాటాయని, జబ్బు ఉన్నట్టు తేలినవాళ్లు 2 లక్షల పైచిలుకని కేంద్రమే చెప్పింది.

సరే, తేలింది. తేలాక ఏం చేశారు?

జబ్బు సంగతి తెలియని మిత్రుల కోసం కాస్త ఆగుతాను. గుండ్రంగా, మెత్తగా ఉండాల్సిన ఎర్రకణం ఆక్సిజన్ తగ్గినప్పుడు కొడవలిలా వంగిపోతుంది. సన్నని నాళాల్లో ఇరుక్కుంటుంది. నెత్తురు ఆడని చోట నొప్పి మొదలవుతుంది. ఎముకలో, ఛాతీలో, పొట్టలో, ఎక్కడైనా రావచ్చు. పసిపిల్లల్లో మొదట చేతులూ పాదాలూ వాస్తాయి. అమ్మనాన్నలిద్దరిలోనూ ఈ జన్యువు ఒక్కొక్కటి ఉంటే, వాళ్లకేమీ కనపడదు. పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు రావడానికి నాలుగింట ఒక పాలు అవకాశం ఉంటుంది. మలేరియా రాజ్యమేలిన అడవుల్లో ఒక్క జన్యువు ఉన్నవాళ్లు ప్రాణాంతకమైన జ్వరాన్ని తట్టుకొని బతికారు, అందుకే అది అక్కడ నిలిచింది. మన్యం జ్వరం అంటే మైదానం దొరలు ఎందుకు వణికిపోయేవారో చరిత్రలో చదివాం కదా. ఆ జ్వరాన్ని ఓర్చుకొని బతికినందుకు మనవలు కడుతున్న సుంకం ఇది. దేశంలో గిరిజనుల్లో పుట్టే ప్రతి 86 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుందని గిరిజన మంత్రిత్వ శాఖ లెక్క.

పరీక్ష చేశాక చేతికొక కార్డు ఇస్తారు. నీకు జబ్బుందా, జన్యువు మోస్తున్నావా, ఏమీ లేదా అన్నది అందులో ఉంటుంది. పెళ్లికి ముందు ఇద్దరి కార్డులూ కలిపి చూసుకోవాలి, జాతకాలు కలిపినట్టు. నిర్మూలనకు వీళ్లు కనిపెట్టిన దారి ప్రధానంగా ఇదే. అంబేడ్కర్ నిర్మూలించమన్నది వ్యవస్థని. వీళ్లు పుట్టకుండా చూసుకోమంటున్నది బిడ్డని. ఎవరిని పెళ్లాడకూడదో చెప్పే కార్డు, ఇప్పటికే పుట్టి, ఇవాళ పాడేరు చలిలో మోకాళ్లు పట్టుకొని ఏడుస్తున్న గుంటడికి ఏం చెబుతుంది?

వాడికి చేయగలిగింది చాలా ఉంది, అందులో ఎక్కువ భాగం చవక. నోటితో వేసే పెన్సిలిన్ రోజుకు రెండు పూటలా ఇస్తే ఈ పిల్లల్ని చంపే ఇన్ఫెక్షన్లు 84 శాతం తగ్గుతాయని 1986లోనే అమెరికాలో తేలింది. పసివాడికి రెండు మూడు నెలలు రాకముందే మొదలుపెట్టి అయిదేళ్ల దాకా ఇవ్వాలి. అంటే పుట్టినప్పుడే పరీక్ష జరగాలి. మన శిబిరాల్లో ఎక్కువగా వాడే సాల్యుబిలిటీ పరీక్ష ఆరు నెలల్లోపు పిల్లల్లో నమ్మదగ్గది కాదు, వాళ్ల నెత్తురులో కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ ఇంకా మిగిలే ఉంటుంది. మందు ఎవరికి ముందు కావాలో వాళ్లనే ఆ పరీక్ష పట్టుకోలేదు. ఇక హైడ్రాక్సీయూరియా. నొప్పులనూ రక్తమెక్కించాల్సిన అవసరాన్నీ బాగా తగ్గించే మందు. మన బీచ్ రోడ్డులో అద్దాల గదిలో కూర్చుని తాగే ఒక కప్పు అరకు కాఫీ డబ్బుతో కొన్ని రోజుల మందు వస్తుంది. చిక్కల్లా, అది 500 మిల్లీగ్రాముల గొట్టం బిళ్లగా దొరుకుతుంది. పది కిలోల బిడ్డకు గొట్టం విప్పి, నీళ్లలో కలిపి, కొలిచి పోయాలి. మధ్యమధ్య నెత్తురు పరీక్ష చేసి కణాలు పడిపోలేదని చూసుకోవాలి. అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు నిలవ ఉండాలి, కొలిచి ఇవ్వడం నేర్పే మనిషుండాలి, పరీక్ష చేసే ల్యాబ్ ఉండాలి. ఇవి కొండమీద ఉంటే బిడ్డ బడికెళ్తాడు. లేకపోతే కేజీహెచ్‌కి బయల్దేరాలి.

పాడేరు నుంచి కేజీహెచ్‌కి వంద కిలోమీటర్ల పైమాటే. అది పాడేరు నుంచి. ముంచింగిపుట్టు లోపలి గూడెం నుంచైతే ముందు డోలీ, తర్వాత జీపు, తర్వాత బస్సు. తల్లి ఒక రోజు కూలీ, తండ్రి ఒక రోజు కూలీ, తిరిగి రావడానికి ఇంకో రోజు. ఇది నెలనెలా. మందు ఉచితమే కదా అని ఎవరైనా అంటే వాళ్లనొకసారి ఆ ఘాట్ రోడ్డు ఎక్కించండి.

దారే లేదంటారా? అదే కొండల్లోంచి రైలుమార్గం ఉంది. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకి పంపడానికి యాభైకి పైగా సొరంగాలు తొలిచి కిరండూల్ నుంచి కొత్తవలస దాకా పట్టాలు వేశారు. అరకు మీదుగా ఖనిజం దిగుతూనే ఉంది, విశాఖ రేవులో ఓడలెక్కుతూనే ఉంది. రాయిని సముద్రం దాకా తేగలిగిన దేశానికి మందు సీసాని కొండ ఎక్కించడం రాదంటే ఎట్లా నమ్మేది? 2021 ఏప్రిల్‌లో దేశంలో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మన ఉక్కు కర్మాగారం నుంచే ట్యాంకర్లు నింపుకొని మహారాష్ట్రకు వెళ్లింది. నగరానికి ఊపిరి ఆడకపోతే రైలు కదులుతుంది. కణానికి ఊపిరి ఆడని పిల్లల కోసం మాత్రం ఫైలు కూడా కదలదు.

చలిలో ఈ నొప్పులు ఎక్కువవుతాయి. డిసెంబరులో లంబసింగికి వెయ్యి కార్లు పోతాయి, మంచులో సెల్ఫీల కోసం. ఆ చలికే, చింతపల్లి చుట్టుపక్కల ఆశ్రమ పాఠశాలల్లో పల్చటి దుప్పటి కింద ముడుచుకునే పిల్లలున్నారు. వీళ్లు నీళ్లు బాగా తాగాలి. తాగితే మాటిమాటికీ మరుగుదొడ్డికి వెళ్లాలి. మరుగుదొడ్డి సరిగా లేదని నీళ్లే మానేస్తారు. రాత్రి జ్వరమొస్తే చూసే దిక్కు కోసం ప్రతి ఆశ్రమ పాఠశాలకూ ఒక ఏఎన్‌ఎంని ఇమ్మని గిరిజన సంఘాలు అడిగి అడిగి గొంతులు అరిగిపోయాయి.

జబ్బుకు పేరు పడేలోపు జరిగేది ఇంకో కథ. కళ్లు పచ్చబడితే పచ్చకామెర్లంటారు, పసరు పోస్తారు. నెత్తురు తక్కువైతే ఐరన్ మాత్రలిస్తారు, "బిడ్డకి తిండి సరిగా పెట్టవేటి?" అని తల్లిని కసురుతారు. కుయి మాట్లాడే తల్లికి ఆ కసురు మాత్రం అర్థమవుతుంది. జబ్బు పేరు తేలాక "మేనరికాలు చేసుకుంటే ఇంతే" అంటారు. మైదానంలో మేనరికం చేసుకోని కులమేదో నాకు చూపించండి.

నేను పాఠం చెప్పే కాలేజీలో ఏజెన్సీ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉంది. నెలకు నాలుగైదు రోజులు రాదు. ఒకసారి నొప్పితో నగరంలోని ఒక ఆసుపత్రికి వెళ్తే వాపు లేదు, గాయం లేదు, "ఏటమ్మా, నాటకాలా?" అన్నారట. మళ్లీ వెళ్లనంటుంది. హాజరు 75 శాతం లేకపోతే పరీక్ష రాయనివ్వరు, సడలింపు కావాలంటే మెడికల్ సర్టిఫికెట్ తెమ్మంటారు. నొప్పిని నమ్మనివాళ్ల దగ్గరికి వెళ్లి, నొప్పి నిజమేనని రాయించుకొని రావాలన్నమాట. 2016 వికలాంగుల హక్కుల చట్టం సికిల్‌సెల్‌ని 21 వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. ఉన్నత విద్యలో 5 శాతం రిజర్వేషన్‌కు 40 శాతం వైకల్యం చూపించాలి. ఇవాళ లేవలేక, రేపు నడిచి వచ్చే మనిషి నొప్పిని ఏ రోజు కొలుస్తారు? అదే చట్టం ఉద్యోగాల్లో ఇచ్చిన 4 శాతం కోటా జాబితాలో రక్తసంబంధ వ్యాధులే లేవు. మన రాష్ట్రంలో ఈ జబ్బుకు నెలకు 10 వేల పింఛను ఉంది. మంచి పనే, ఒప్పుకుంటాను. దానికీ కాగితాలు కావాలి, ఆ కాగితాల కోసం మళ్లీ అదే కొండ దిగాలి.

ఇది ఆదివాసుల సమస్య, మనకెందుకని లోపల్లోపల అనుకునే దళిత మిత్రులకు రెండు మాటలు. 1956లో అంబేడ్కర్ నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నారు. 1958లో నాగపూర్ వైద్యులు 'లాన్సెట్' పత్రికలో రాసిన వ్యాసం, అక్కడి మహర్లలో ఈ జన్యువు ఎక్కువగా ఉందని చెప్పింది. బాబాసాహెబ్ పుట్టిన కులమే అది. మనం ఇంకా 'మనకెందుకు' దగ్గరే ఉన్నాం.

రెండోది. 1971లో అమెరికాలో బ్లాక్ పాంథర్లు తమ పేటల్లో ఉచిత వైద్యశాలలు నడుపుతూ సికిల్‌సెల్ పరీక్షల ఉద్యమం చేశారు. నల్లవాళ్ల జబ్బు కాబట్టే పట్టించుకోవడం లేదని వీధిలో అరిచారు. మరుసటి ఏడాది నిక్సన్ ప్రభుత్వం చట్టం తేక తప్పలేదు. అదే 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. మనం పాంథర్ల పేరు తెచ్చుకున్నాం, కవిత్వం తెచ్చుకున్నాం. ఆ వైద్యశాలని తెచ్చుకోలేదు. దాని తర్వాతి కథ కూడా చదవాలి. అక్కడ చాలా రాష్ట్రాలు పరీక్షను నిర్బంధం చేశాయి, వైద్యం మాత్రం పెట్టలేదు. జబ్బే లేని, జన్యువు మాత్రం మోసేవాళ్లకు ఉద్యోగాలు, బీమా పోయాయి. వైమానిక దళ అకాడమీ వాళ్లను 1981 దాకా రానివ్వలేదు. కార్డు మాత్రమే చేతిలో ఉంటే రేపు మన పిల్లకు పెళ్లి సంబంధం తప్పిపోతుంది, హాస్టల్లో దూరం పెడతారు. అంటరానితనానికి లామినేషన్ చేసి ఇచ్చినట్టే.

జమైకా 1973లోనే కింగ్‌స్టన్‌లోని ఒక పెద్ద ప్రసూతి ఆసుపత్రిలో పుట్టిన బిడ్డల్ని పరీక్షించడం మొదలుపెట్టి, ఎనిమిదేళ్లలో లక్ష మందిని చూసింది. పొట్ట ఎడమ పక్క ప్లీహం ఉబ్బిందో లేదో చేత్తో తడిమి తెలుసుకోవడం తల్లులకు నేర్పింది. ప్లీహం హఠాత్తుగా ఉబ్బి పోయే పిల్లల సంఖ్య బాగా పడిపోయింది. చదువు, యంత్రం, కరెంటు ఏమీ అక్కర్లేని పని అది. మన ఆశా కార్యకర్తలు ఒక మధ్యాహ్నంలో నేర్పగలరు, వాళ్లకు ఎవరైనా నేర్పితే.

ఈ వారం ఒక సమాచార హక్కు దరఖాస్తు రాస్తున్నాను. అల్లూరి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వారీగా అడుగుతున్నవి ఇవి: ఎన్ని కార్డులు ఇచ్చారు, కార్డున్న పిల్లల్లో ఎంతమందికి హైడ్రాక్సీయూరియా అందుతోంది, గత ఆరు నెలల్లో ఆ మందు నిండుకున్న రోజులెన్ని, పుట్టిన బిడ్డల్లో ఎంతమందికి ఆరు వారాల్లోపు పరీక్ష జరిగింది, పెన్సిలిన్ ఎంతమందికి మొదలైంది, పింఛను దరఖాస్తులు ఎన్ని ఆగి ఉన్నాయి. పార్వతీపురం, రంపచోడవరం వైపు మిత్రులు ఇవే ప్రశ్నలు తమ మండలాలకు వేయండి. దరఖాస్తు నకలు కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. వచ్చిన జవాబు, రాని జవాబు రెండూ 7వ భాగంలో పెడతాను.