ఖాళీ పీపా

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి పెట్రోలు పీపాల గొడవ దేనికయ్యా అంటారేమో. ఆ గొడవంతా ఒక మాటలో ఉంది మరి. ఆ మాట 'ఖాళీ'.

అమెరికాలో హార్ట్‌ఫర్డ్ నగరంలో బెంజమిన్ లీ వోర్ఫ్ అని ఒకాయన ఉండేవాడు. ఆయనకు జీతమిచ్చింది అగ్నిప్రమాదాల బీమా కంపెనీ. పేరు తెచ్చింది భాషాశాస్త్రం. 1941లో అచ్చయిన వ్యాసంలో ఆయన చెప్పిందేమంటే, నిండు పెట్రోలు పీపాల దగ్గర జనం ఒళ్లు దగ్గర పెట్టుకుని మసలుతారట. ఖాళీ పీపాల దగ్గర నిశ్చింతగా సిగరెట్లు కాలుస్తారట. అసలు ప్రమాదం ఖాళీ వాటితోనే!

మండేది ద్రవం కాదు, ఆవిరి. గాలిలో అది నూటికి సుమారు ఒకటిన్నర మొదలు ఏడున్నర పాళ్లదాకా ఉంటే నిప్పురవ్వ చాలు, పేలుతుంది. నిండు పీపాలో గాలికి చోటుండదు. ఒంపేసిన పీపాలో గాలీ, ఆవిరీ రెండూ చేరతాయి. పైగా గాలికన్నా బరువు గనుక ఆ ఆవిరి, మూత తీసినంతమాత్రాన పోక, అడుగున కూర్చుంటుంది.

మనమేం చేస్తాం? జనరేటరు కోసం పెట్రోలు తెచ్చిన డబ్బాను పైభాగం కోయించి నీళ్లతొట్టి చేయిద్దామని వెల్డింగు షాపుకు పంపుతాం. "ఖాళీదేనోయ్" అంటాం. పని నేర్చుకుంటున్న కుర్రవాడు నమ్మి మంట పెడతాడు. ఆ తొట్టి ముచ్చట మానండి. పాత ఇనుము వాడికి వేసినా, ఇందులో పెట్రోలుండేదని చెప్పి, మూత బిగించి ఇవ్వండి. అడుగున మిగిలిన చుక్కల్ని మురుక్కాలవలో పోయకండి. నింపించేటప్పుడు సరేసరి, డబ్బాను బండిమీంచి నేలమీదికి దించవలసిందే.

మా ఇంటి డబ్బామీద పెద్ద అక్షరాలతో 'పెట్రోలు' అని రాయించాను. ఒంపేశాక కూడా దాని పేరు అదే.