అవసరానికే దారి

శతాబ్ది కామన్వెల్త్ క్రీడలు 2030లో అహ్మదాబాద్‌లో జరగనున్నాయి. 2025 నవంబరు 26న గ్లాస్గోలో జరిగిన సర్వసభ్య సమావేశం ఆ నగరం ఎంపికకు ఆమోదముద్ర వేసింది. 2010 ఢిల్లీ తర్వాత ఈ క్రీడలకు మన దేశం ఆతిథ్యమివ్వడం ఇది రెండోసారి. 2036 ఒలింపిక్స్ కోసం కూడా భారత్ పోటీపడుతోంది. స్టేడియాలు, క్రీడాగ్రామాల గురించి ఎంతైనా మాట్లాడుకోవచ్చు. వాటికన్నా ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: క్రీడలు జరిగే రోజుల్లో నగరంలోని రోడ్లపై మొదటి హక్కు ఎవరిది?

ఇలాంటి క్రీడలకు క్రీడాకారులు, ప్రేక్షకులే కాదు, మరో వర్గమూ వస్తుంది. సమాఖ్యల పెద్దలు, మంత్రులు, ప్రాయోజక సంస్థల డైరెక్టర్లు, వాళ్ల అతిథులు, ప్రసార సంస్థల అధిపతులు అందులో ఉంటారు. విమానాశ్రయం నుంచి హోటల్‌కు, అక్కణ్నుంచి స్టేడియానికి, ఆపైన విందుకు వీళ్లను చేర్చడానికి పెద్ద యంత్రాంగమే పనిచేస్తుంది. ఒలింపిక్స్‌లో దీనికి తరగతులు కూడా ఉంటూ వచ్చాయి. టీ1 అంటే ఒక్కరికే సొంతంగా కారు, డ్రైవరు. టీ2 అంటే కొందరు పంచుకునే కారు. టీ3 అంటే ఉమ్మడి వాహనాల్లోంచి అవసరమైనప్పుడు పిలిపించుకునే కారు. వీటికి తోడు ప్రత్యేక లేన్లు, వాహన పాసులు, పార్కింగ్ యార్డులు, కంట్రోల్ రూములు. ఇంత ఏర్పాటు చేయడాన్ని తప్పుపట్టలేం. ముందస్తు ప్రణాళిక లేకపోతే వందల కార్లు స్టేడియం గేటు ముందే ఇంజన్లు ఆపకుండా నిలబడి దారి మూసేస్తాయి. అయితే ఆ ప్రణాళిక ఏ సూత్రం మీద నడవాలన్న విషయంలో మాత్రం రాజీ పనికిరాదు. రోడ్డుపై ప్రాధాన్యం అవసరాన్ని బట్టి దక్కాలి, హోదాను బట్టి కాదు.

పరుగు పందెంలో దిగాల్సిన అమ్మాయి పది నిమిషాలు ఆలస్యమైతే నాలుగేళ్ల సాధన వృథా అవుతుంది. రిఫరీ రాకపోతే ఆట మొదలు కాదు. డోపింగ్ పరీక్షలు చేసే అధికారి, గాయపడినవాళ్లను చూసే వైద్యుడు వేళకు చేరి తీరాలి. వీళ్ల బస్సుకూ కారుకూ నగరం మనస్ఫూర్తిగా దారి ఇస్తుంది. ప్రాయోజక సంస్థ అతిథి అరగంట ఆలస్యంగా వస్తే అతనికి మొదటి ఓవర్లు తప్పుతాయి, అంతే. ఈ రెండు రకాలవాళ్లకూ ఒకే లేన్, ఒకే పాసు ఇవ్వడంతోనే అన్యాయం మొదలవుతుంది.

లండన్ అనుభవం చూడండి. 2012 ఒలింపిక్స్ కోసం అక్కడ దాదాపు 175 కిలోమీటర్ల రహదారులను ఒలింపిక్ మార్గాలుగా గుర్తించారు. అందులో సుమారు 48 కిలోమీటర్ల మేర ప్రత్యేక లేన్లు గీశారు. వాటిలోకి వెళ్లిన మామూలు వాహనదారుకు 130 పౌండ్ల జరిమానా. అధికారుల కార్లకు దొరికిన దారి తమకు లేకుండా పోయిందని బ్లాక్ క్యాబ్ డ్రైవర్లు రోడ్డెక్కి నిరసన తెలిపారు. వాళ్ల కోపం న్యాయమైనదే. అయినా లండన్ రెండు మంచి పనులు చేసింది. రద్దీ తగ్గిన వేళల్లో ఎలక్ట్రానిక్ బోర్డులతో ఆ లేన్లను అందరికీ తెరిచింది. నగరంలో ఆటలు చూసే ప్రేక్షకుడి టికెట్టుతోపాటే ఆ రోజంతా రైళ్లలో, బస్సుల్లో తిరిగే కార్డునూ ఇచ్చింది. సెయింట్ పాంక్రాస్ స్టేషన్ నుంచి ఒలింపిక్ పార్కు ఉన్న స్ట్రాట్‌ఫర్డ్‌కు జావెలిన్ రైలు 7 నిమిషాల్లో చేర్చేది. ఆ మార్గంలో ఎంత ఖరీదైన కారూ దానితో పోటీపడలేకపోయింది.

పారిస్ ఇంకో అడుగు ముందుకు వేసింది. 2024లో 185 కిలోమీటర్ల ప్రత్యేక లేన్లు పెట్టినా వాటిలోకి సిటీ బస్సులను, ట్యాక్సీలను, అంబులెన్సులను కూడా అనుమతించింది. క్రీడలు ముగిశాక, నగరం చుట్టూ ఉన్న రింగు రోడ్డు మీది లేన్‌ను 2025 మార్చి నుంచి ఇద్దరు, అంతకుమించి ప్రయాణించే కార్లకు కేటాయించింది. ప్రముఖుల పేరుతో మొదలైన దారి చివరికి పౌరులకే మిగిలింది. ప్రణాళిక అంటే ఇలా ఉండాలి.

చేతగాని ప్రణాళికకు గుర్తుగా మిగిలింది 1996 అట్లాంటా. అమెరికాలోని పలు నగరాల నుంచి బస్సులను, డ్రైవర్లను తెచ్చారు. ఆ డ్రైవర్లకు ఊరి దారులు తెలియవు. క్రీడాకారులతో బయలుదేరిన బస్సులు దారితప్పాయి. ఆ పాఠం నేర్చుకున్న సిడ్నీ 2000 నాటికి ఒలింపిక్ రవాణా కోసమే ప్రత్యేక ప్రాధికార సంస్థను ఏర్పాటు చేసింది. ఒలింపిక్ పార్కుకు రైలు స్టేషన్ కట్టి, ప్రేక్షకులు రైళ్లలో, బస్సుల్లోనే వచ్చేలా చూసింది. ఇంకో వైపు, 2026 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో మిగతా వేదికలన్నిటికన్నా ఎక్కువగా 9 మ్యాచ్‌లు కేటాయించింది టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌కు. అక్కడి స్టేడియం దాకా వెళ్లే రైలు మార్గమే లేదు. డాలస్ చుట్టుపక్కల ఉండే మన తెలుగు కుటుంబాలకు ఆ ఇబ్బంది బాగా తెలుసు. కారు మీదే ఆధారపడి ఊరు కట్టుకుంటే స్టేడియం ఎంత గొప్పదైనా దాన్ని చేరుకోవడం కష్టమే.

మన సంగతికి వద్దాం. 2010 అక్టోబరులో ఢిల్లీలో కామన్వెల్త్ లేన్ గీశారు. అందులోకి వెళ్లినవారికి 2,000 రూపాయల జరిమానా విధించారు. బడులకు సెలవులిచ్చారు. ఢిల్లీవాసులకు వీలైనంతవరకు ఇంట్లోనే ఉండమన్న సందేశం అందింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో దేశంలోనే తొలి ఫార్ములా ఈ రేసు జరిగింది. హుస్సేన్ సాగర్ ఒడ్డున, సచివాలయం చుట్టూ రోడ్లు మూసేయడంతో ఉద్యోగులు, రోగులు, చిరువ్యాపారులు పడిన అవస్థ నగరం మరిచిపోలేదు. పెళ్లికి వచ్చిన చుట్టాలకు విస్తరి వేయాలని ఇంటిల్లిపాదినీ పస్తు పెట్టే ఇల్లు ఎక్కడా ఉండదు. అతిథి మర్యాద పేరిట నగరాలు మాత్రం ఆ పని చేస్తున్నాయి.

అహ్మదాబాద్‌కు చేయగల శక్తి ఉంది. మొతేరాలో 1,32,000 మంది పట్టే స్టేడియం పక్కనే మెట్రో స్టేషన్ ఉంది. 2009 నుంచి జన్‌మార్గ్ బస్సులు ప్రత్యేక దారుల్లో నడుస్తున్నాయి. 2024లో మెట్రో గాంధీనగర్ దాకా వెళ్లింది. 2023 నవంబరు 19న క్రికెట్ ప్రపంచ కప్ ఫైనల్ రోజు రాత్రి ఒంటి గంట వరకు రైళ్లు నడిపారు. ఉప్పల్‌లో మ్యాచ్ ఉన్నప్పుడు హైదరాబాద్ మెట్రో కూడా వేళలు పొడిగిస్తూ ఉంటుంది. సాధనాలు చేతిలోనే ఉన్నాయి. పెద్దమనుషులు కూడా వాటిలోనే ప్రయాణించాలని నిర్ణయించే ధైర్యం కావాలి.

భద్రత సంగతేమిటని అడిగేవారున్నారు. దేశాధినేతలకు, నిజంగా ముప్పు ఉన్నవారికి కాన్వాయ్ తప్పదు. వాళ్లు కొద్దిమందే. ఆ కొద్దిమంది పేరు చెప్పి వేలమందికి అదే మర్యాద పంచడాన్నే మేం వ్యతిరేకిస్తున్నాం. ప్రాయోజకులు డబ్బు పెడుతున్నారనేది మరో వాదన. వాళ్లు ఆ డబ్బుతో ప్రచారం కొనుక్కున్నారు, నగరపు రోడ్డును కాదు. 2017 మే 1 నుంచి కార్ల మీది ఎర్రబుగ్గలు తీసేసిన దేశం, క్రీడల పేరుతో రోడ్డు మీద ఎర్ర తివాచీ పరవకూడదు. 2021 ఫిబ్రవరిలో ఒక దాత గుండెను హైదరాబాద్ మెట్రో నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు అరగంటలోపే చేర్చింది. శస్త్రచికిత్స కోసం ఎదురుచూసే గుండెకు నమ్మకమైన ప్రయాణం, విందుకు వెళ్లే అతిథికి చాలదనడం ఒప్పుకోదగ్గ మాట కాదు.

ఈ ఏర్పాట్ల భారమంతా మోసే డ్రైవరు గురించి ఎవరూ మాట్లాడరు. ట్రావెల్స్ వాళ్లు పక్క జిల్లాల నుంచి రప్పించిన కుర్రాడు తెల్లవారుజామున విమానాశ్రయంలో మొదలుపెట్టి అర్ధరాత్రి విందు ముగిసేదాకా కారులోనే ఉంటాడు. తిండి, నిద్ర, కాలకృత్యాలు అన్నీ పార్కింగ్ యార్డులోనే. 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరు పనిని రోజుకు 8 గంటలకు, వారానికి 48 గంటలకు పరిమితం చేసింది. 5 గంటలు నడిపాక కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. నిద్రలేని డ్రైవరు చేతిలో ఖరీదైన కారు ఉంటే అందులో కూర్చున్నవారికీ, రోడ్డు దాటేవారికీ ముప్పే.

అందుకే ఈ పత్రిక స్పష్టంగా కోరుతోంది. ప్రత్యేక లేన్లు క్రీడాకారులకు, నిర్వహణ సిబ్బందికి, అంబులెన్సులకు, సిటీ బస్సులకు మాత్రమే ఉండాలి. పోటీలు లేని వేళల్లో వాటిని అందరికీ తెరవాలి. మనిషికో కారు ఇచ్చే పద్ధతి పోవాలి. అతిథులకు హోటళ్ల నుంచి వేళ ప్రకారం నడిచే ఉమ్మడి బస్సులు పెట్టి, ఆ ఖర్చును ప్రాయోజకుల నుంచే వసూలు చేయాలి. ఆట టికెట్టుతోనే మెట్రో, బస్సు ప్రయాణం ఉచితం కావాలి. పని గంటలు రెండు షిఫ్టులుగా విభజించి, విశ్రాంతి గదులు చూపిన సంస్థకే వాహనాల కాంట్రాక్టు ఇవ్వాలి. డ్రైవర్లకు దారులన్నీ ముందే తిప్పి చూపాలి. ఎన్ని పాసులు ఎవరికి ఇచ్చారో క్రీడలకు ముందే ప్రజల ముందు పెట్టాలి. నాయకులు, సమాఖ్యల అధ్యక్షులు ప్రారంభోత్సవానికి మెట్రోలో వచ్చి తొలి ఆదర్శం చూపాలి.

వీటిలో ఏ ఒక్కటీ అసాధ్యం కాదు. చాలావాటిని సిడ్నీ, లండన్, పారిస్ ఇప్పటికే చేసి చూపించాయి. అహ్మదాబాద్ వీటన్నిటినీ ఒక్కచోట అమలు చేస్తే 2036 కోసం మన దేశం చేసే వాదనకు అంతకన్నా బలమైన ఆధారం ఉండదు. క్రీడల ఖర్చు మోసేది పౌరులు. ఆ రోజుల్లో ఆఫీసుకు, ఆసుపత్రికి, బడికి, దుకాణానికి వెళ్లాల్సిందీ వాళ్లే. వాళ్లను ఇళ్లలో కూర్చోబెట్టి జరిపే క్రీడలు విజయవంతమైనట్టు కాదు. రవాణా ప్రణాళికలో మొదటి వాక్యం పౌరుడి గురించి ఉండాలి. అది 2030కి చాలా ముందే, ఇప్పుడే రాయాలి.